అప్‌డేట్: జీపీఎస్ లేకుండా ఆర్‌నావ్ వేపాయింట్‌కి డైరెక్ట్ క్లియరెన్స్

అమెరికాలో ఐఎఫ్ఆర్‌లో (పరికరాల ఆధారంగా, కంట్రోలర్ అనుమతితో) వెళ్తూ, రెండు వీఓఆర్‌లు (నేల మీది రేడియో కేంద్రం నుంచి దిశ చూపేవి), ఒక డీఎంఈ (కేంద్రానికి దూరం చూపేది) మాత్రమే ఉన్న విమానంతో ఆర్‌నావ్ వేపాయింట్‌కి (జీపీఎస్ లాంటి పరికరాలతో చేరే బిందువుకి) కంట్రోలర్ ఇచ్చే ‘డైరెక్ట్’ క్లియరెన్స్ (నేరుగా వెళ్లే అనుమతి) ఒప్పుకోవచ్చా అని అడిగాను. సమాధానాలన్నీ చదివాక, చార్టులతో సరిచూసుకున్నాక తేలింది ఇదీ.

అయిదక్షరాల పేరున్న ప్రతిదీ ఆర్‌నావ్ పాయింటు కాదు. చార్టులో త్రిభుజం ఉండి, రేడియల్స్ (వీఓఆర్ కేంద్రం నుంచి బయటికి వెళ్లే దిశారేఖలు) లేదా డీఎంఈ దూరం ఇచ్చి ఉంటే మామూలు వీఓఆర్‌తోనే గుర్తించవచ్చు. అయినా అక్కడికి నేరుగా వెళ్లలేం, ఏదో ఒక రేడియల్ పట్టుకునే చేరాలి. నాలుగు కొనల నక్షత్రం ఒక్కటే ఉంటే అది మన పని కాదు.

అప్పుడు కంట్రోలర్‌తో ‘అన్‌ఏబుల్’ (కుదరదు) అని, హెడింగ్ (విమానం ముక్కు పెట్టాల్సిన దిశ) అడగాలి. చేతి జీపీఎస్ లేదా టాబ్లెట్ చూసి ఏ హెడింగ్ కావాలో చెప్పొచ్చు. దాన్నే ఆధారంగా చేసుకుని డైరెక్ట్ ఎగరడం మాత్రం కుదరదు.

నేను మొదట పట్టించుకోనిది రేడియో పోవడం. వెక్టర్ (కంట్రోలర్ ఇచ్చిన హెడింగ్) మీద ఉండగా అది పోతే అమెరికా విమానయాన నిబంధన 91.185 ప్రకారం, వెక్టర్ క్లియరెన్స్‌లో చెప్పిన ఫిక్స్‌కి (చార్టులోని బిందువుకి), రూట్‌కి లేదా ఎయిర్‌వేకి (చార్టులోని ఆకాశ మార్గానికి) నేరుగా వెళ్లాలి. ఆ ఫిక్స్ మనకు దొరకనిదైతే చిక్కే. అందుకే వెక్టర్ ఏ వీఓఆర్‌కో, ఎయిర్‌వేకో ముందే అడిగి పెట్టుకోవాలి.

ఫ్లైట్ ప్లాన్ 10వ గడిలో (విమానంలోని పరికరాలు రాసే చోట) జీ (జీపీఎస్ ఉందని), ఆర్ (ఆర్‌నావ్ తరహా నావిగేషన్‌కి అనుమతి ఉందని) రాయకండి. రాస్తే ఇలాంటి క్లియరెన్సులే వస్తాయి.