లిస్టు కోసం తిరిగేవాళ్ళు పిట్టను చూస్తున్నట్టేనా?
(పక్షి ప్రేమికుల ఫోరంలో ఒక చర్చ. ప్రతి మాటకు ముందున్నది రాసినవాళ్ళ మారుపేరు.)

గిజిగాడి గూడు:
పోయిన ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ పక్కన అమీన్‌పూర్ చెరువు దగ్గర ఒక ఈతచెట్టు కింద ఆగిపోయాను. మట్ట చివర గిజిగాడి గూడు సగం అల్లి ఉంది, ఇంకా గంట ఆకారంలోనే. మగపిట్ట ముక్కుతో తడిమట్టి తెచ్చి లోపలి గోడకు అద్దుతోంది. అద్దడం, వెనక్కి జరిగి రెక్కలు టపటపలాడించడం, మళ్ళీ మట్టికి పోవడం. అంతలో ఆడపిట్ట వచ్చి గూటి అంచున వాలింది. దానికి నచ్చితేనే మగది గుడ్ల గది, కింద గొట్టం అల్లి గూడు పూర్తి చేస్తుంది. నచ్చకపోతే ఇన్నాళ్ళ పనీ వృథాయే. ఊపిరి బిగబట్టి చూస్తున్నాను.

సరిగ్గా అప్పుడే నలుగురు వచ్చారు. అందరి మెడల్లోనూ మంచి బైనాక్యులర్లు. "ఏముందండీ అక్కడ?" అన్నారు. గిజిగాడు అన్నాను. "అది ఇందాకే లిస్టులో ఎక్కించాం" అంటూ ఫోన్ చూసుకుంటూ ముందుకు వెళ్ళిపోయారు. ఒక్కరూ తలెత్తలేదు.

పదిహేనేళ్ళుగా చెరువుల వెంట తిరుగుతున్నాను. నాకు తెలిసి మనలో చూసిన జాతులు లెక్కపెట్టుకునే లిస్టు వాళ్ళున్నారు, కెమెరా వాళ్ళున్నారు, ఊరికే కూర్చుని చూసేవాళ్ళున్నారు. మొదటి రకమే రోజురోజుకీ పెరుగుతోంది. కొత్త జాతి కనబడితే "లైఫర్" అని కేరింతలు, పాతదైతే దాని మొహం చూసే ఓపిక లేదు. అంకె పెంచుకోవడానికి తిరిగేవాళ్ళు పిట్టను చూస్తున్నట్టేనా? నా ఉద్దేశంలో కాదు. మీరేమంటారు?

చెక్‌లిస్టు చేతిలో:
ఆ నలుగురిలో నేను లేను, కానీ ఉండే అవకాశం మాత్రం ఉంది. వాళ్ళ తరఫున మాట్లాడనివ్వండి.

అన్నా, మీరు గిజిగాడిని ఎంతసేపు చూశారో గానీ, ఆ చూసింది ఎక్కడైనా రాసిపెట్టారా? మీ జ్ఞాపకంలో ఉంటుంది, సంతోషం. కానీ 2040లో ఆ గట్టు మీద గిజిగాళ్ళు తగ్గాయా పెరిగాయా అని ఎవరైనా అడిగితే మీ జ్ఞాపకం జవాబు చెప్పలేదు. నా లిస్టు చెప్తుంది. చూసిన పిట్టలను నమోదు చేసే ఆన్‌లైన్ వేదిక ఈబర్డ్‌లో పూర్తి చెక్‌లిస్టు అంటే అరుదైన పిట్ట ఒక్కటే వేసి ఊరుకోవడం కాదు. గుర్తుపట్టిన ప్రతి జాతినీ వేయాలి, కాకులూ గోరువంకలూ కూడా. ఎంతసేపు తిరిగాం, ఎంత దూరం నడిచాం అన్నది కూడా రాయాలి. లిస్టులో లేని పిట్ట కూడా ఒక సమాచారమే.

ఒక్క ఉదాహరణ చెప్తాను. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదికలో 942 జాతుల పరిస్థితి చూశారు. అందుకు వాడింది దాదాపు 30,000 మంది మనలాంటివాళ్ళు ఎక్కించిన 3 కోట్ల నమోదులు. అందులోనే మన పాలపిట్ట తగ్గిపోతోందని తేలింది. దాని ప్రమాద స్థాయిని మళ్ళీ అంచనా వేయాలని సిఫారసు చేశారు. దసరా నాడు చూసి దండం పెట్టే పిట్ట, తెలంగాణ రాష్ట్ర పక్షి. కరెంటు తీగ మీద ఎప్పుడూ ఒకటి కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి తగ్గిందన్న అనుమానమే మనకు రాదు. కూర్చుని చూసినవాళ్ళలో ఎవరికి తెలిసింది ఈ సంగతి? "పాలపిట్టా? ఎక్కించు" అని నడిచిపోయినవాళ్ళ వల్లే తెలిసింది.

గిజిగాడి గూడు:
పాలపిట్ట సంగతి నాకు తెలియదు. నిజంగా బాధేసింది. అయినా ఒక మాట. తెలంగాణలో దసరాకు పాలపిట్టను వలేసి పట్టి, పంజరంలో పెట్టి, డబ్బులు తీసుకుని చూపించేవాళ్ళు ఇంకా ఉన్నారు. అది నేరం. చాలా పిట్టలు ఆ నాలుగు రోజుల్లోనే నీరసించి చచ్చిపోతాయి. పంజరం ముందు నిలబడి దండం పెట్టి "చూశాం, మంచిది" అని వెళ్ళిపోయేవాళ్ళకీ, చూసి టిక్కు పెట్టుకునేవాళ్ళకీ తేడా ఏంటి? ఇద్దరికీ కావలసింది చూశామన్న లెక్కే కదా?

చెక్‌లిస్టు చేతిలో:
ఈ పోలిక మాత్రం అన్యాయం అన్నా. నేను ఏ పిట్టనూ ముట్టుకోను.

పొన్నంగి:
ముట్టుకోకపోయినా హాని చేయొచ్చు. ఈ మాట కెమెరా వాణ్ణి కాబట్టి చెప్తున్నాను, నా సొంత అనుభవం.

నా పేరులోని పొన్నంగి పిట్ట మీకందరికీ తెలిసిందే. తొమ్మిది రంగులున్నాయని హిందీలో నవరంగ్ అంటారు. ప్రపంచమంతా దీని కుటుంబాన్ని "పిట్టా" అని పిలుస్తుంది. ఆ మాట మన తెలుగు "పిట్ట" నుంచే వెళ్ళింది. వానాకాలంలో ఉత్తరాన, మధ్య భారతంలో గూళ్ళు కట్టుకుని, చలికాలానికి దక్షిణాదికి వస్తుంది. రాత్రిళ్ళు ఎగిరి వస్తుంది కాబట్టి అలసిపోయి ఉంటుంది. మూడేళ్ళ కిందట అక్టోబరులో ఊరి చివర ఒక తోటలో ఒకటి దిగిందని ఫోన్ వచ్చింది. వెళ్ళేసరికి పదిమందిమి అయ్యాం. అది ఆకుల కింద పురుగులు ఏరుకుంటోంది, బయటికి రావట్లేదు. ఒకాయన ఫోన్‌లో దాని కూత పెట్టాడు. వెంటనే పొద మీదికి వచ్చి, మెడ చాచి, తిరిగి కూసింది. తన చోటులోకి ఇంకొకటి వచ్చిందని అనుకుంది పాపం. అందరం క్లిక్కుమనిపించాం. వెలుగు చాల్లేదని మళ్ళీ పెట్టాడు. మళ్ళీ వచ్చింది. నేను లెక్కపెట్టాను, మొత్తం పదకొండు సార్లు. అంతసేపూ అది తిన్నది ఒక్క పురుగు కూడా లేదు.

నాకు మంచి ఫొటో వచ్చింది. దానికి ఎవరు మెచ్చుకున్నా ఆ పదకొండే గుర్తొస్తుంది. ఆ రోజు నుంచి ప్లేబ్యాక్, అంటే కూత వినిపించి పిట్టను రప్పించడం, మానేశాను. గూటి దగ్గర కెమెరా తీయడం కూడా మానేశాను. గూడు బాగా కనబడాలని అడ్డున్న ఆకులు కత్తిరించేవాళ్ళను చూశాను. ఆ ఆకులు పోతే కాకికీ ఆ గూడు కనబడుతుందన్న ఆలోచనే ఉండదు.

కాబట్టి గిజిగాడన్నా, మీరు లిస్టు వాళ్ళ మీద పడ్డారు గానీ, నా లెక్కలో ఎక్కువ కీడు చేసేది మా రకమే.

కలివిపొద:
మాది కడప. ప్లేబ్యాక్ ఎప్పుడూ తప్పే అంటే నేను ఒప్పుకోను సార్, మా కలివికోడి కథ వినండి.

కలివి పొదల మధ్య తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. రాత్రి తిరిగే పిట్ట. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు వల్ల శాస్త్రానికి తెలిసింది. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1980ల్లో బీఎన్‌హెచ్‌ఎస్ (బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ) వాళ్ళు బొమ్మలు పట్టుకుని మా వైపు ఊళ్ళన్నీ తిరిగి "ఈ పిట్టను చూశారా?" అని అడిగారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే పల్లెటూరి మనిషి రాత్రి టార్చి వెలుతురులో దాన్ని పట్టాడు. ఎనభై ఆరేళ్ళ తర్వాత! ఆ పిట్ట బతకలేదు, కానీ ఆ జాతి ఉందని తెలిసింది. తర్వాతే లంకమల్ల అభయారణ్యం వచ్చింది.

ఆ తర్వాత పరిశోధకులు దాన్ని వెతికిన పద్ధతి చూడండి. పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, పొద్దున్నే వచ్చి అడుగుల ముద్రలు చూసేవాళ్ళు. పొద్దుగూకాక కూత రికార్డు వేసి, జవాబు వస్తుందేమోనని చెవులు రిక్కించేవాళ్ళు. అదీ ప్లేబ్యాకే కదా? అలా దొరికిన సమాచారం వల్లే తెలుగుగంగ కాలువ దారి మార్చగలిగారు. లేకపోతే పొక్లెయినర్లు ఆ పొదలన్నీ ఊడ్చేసేవి.

కాకపోతే వాళ్ళు ఫొటో కోసం వేయలేదు. అనుమతి తీసుకుని చేశారు. ఎవరు పడితే వాళ్ళు స్పీకరు పట్టుకుని లంకమల్లలో దిగితే నేనే అడ్డుపడతా.

ఇంకోటి కూడా చెప్పాలి. మీరందరూ రకాలు రకాలు అంటున్నారు. ఐతన్న ఏ రకం? ఆయన దగ్గర బైనాక్యులర్లు లేవు, లిస్టు లేదు. ఆ చీకట్లో, ఆ ముళ్ళల్లో ఏది ఎక్కడ తిరుగుతుందో తెలుసు, అంతే. మీ మూడు పేర్లలో ఆయనకు చోటు లేదు.

చింతచెట్టు నీడ:
కలివిపొద గారి మాట చదివి రాయకుండా ఉండలేకపోయాను. మా అమ్మమ్మది శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం. చలికాలం ముందు గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊళ్ళో చింతచెట్ల మీద గూళ్ళు పెడతాయి. సైబీరియా నుంచి వస్తాయని బోర్డు చూసి అందరూ చెప్పేస్తారు గానీ, ఈ రెండూ మన దేశం చుట్టుపక్కలే తిరిగే పక్షులు. నౌపడ తంపరకు, అంటే అక్కడి చిత్తడి నేలకు వెళ్ళి చేపలు పట్టుకుని వచ్చి పిల్లలకు పెడతాయి.

అమ్మమ్మకు ఒక్క ఇంగ్లీషు పేరు రాదు. కానీ మొదటి జంట ఏ రోజు దిగిందో, ఏ కొమ్మ మీద కిందటేడు గూడు పడిపోయిందో చెప్పేది. పిల్ల కింద పడితే బుట్ట బోర్లించి, కుక్కలు రాకుండా కాపలా కూర్చునేది. చెట్టు కింద రెట్టల వాసనకు మనకు కడుపులో తిప్పుతుంది, ఆవిడ అక్కడే బియ్యం ఏరుకునేది. "ఇవి రాకపోతే ఆ యేడు మంచిది కాదమ్మా" అనేది. నేను పట్నం నుంచి బైనాక్యులర్లు తీసుకెళ్ళి కళ్ళకు పెడితే రెండు నిమిషాలు చూసి తిరిగిచ్చేసింది. "ఇంత దగ్గరగా ఎందుకు, అవి బెదరవా?" అని అడిగింది. దాంతో చూస్తే పక్షికి తెలియదని చెప్పినా నమ్మలేదు.

ఇలాంటి ఊళ్ళు ఇంకా ఉన్నాయి. గుంటూరు దగ్గర ఉప్పలపాడు ఊరి చెరువు చూడండి. సూళ్ళూరుపేట దగ్గర నేలపట్టులో పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలాలకు బలమని రైతులకు తెలుసు. మనం ఆదివారం వెళ్ళి ఫొటో పెట్టుకుంటాం. మిగతా రోజులన్నీ కనిపెట్టుకుని ఉండేది వాళ్ళే. పక్షి ప్రేమికుల రకాలు అంటూ రాసేటప్పుడు వాళ్ళను "స్థానికులు" అని ఒక మూలకు నెట్టేయడం నాకు కోపం తెప్పిస్తుంది.

చెక్‌లిస్టు చేతిలో:
అక్కా, మీ అమ్మమ్మ చెప్పే ఆ "మొదటి జంట దిగిన రోజు" చాలా విలువైన సమాచారం. ఏ యేడు ఏ రోజో ఎక్కడైనా రాసి ఉందా?

చింతచెట్టు నీడ:
లేదు. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. మా అమ్మకు కొన్ని గుర్తున్నాయి, ఈ పండక్కి వెళ్ళినప్పుడు అడిగి రాసుకుంటాను. మీరు అడగకపోతే ఈ ఆలోచన వచ్చేది కాదు.

గిజిగాడి గూడు:
రెండు రోజులు ఆగి రాస్తున్నాను. మొదటి ప్రశ్నలో నేను లిస్టునూ తొందరనూ కలిపేశాను. లిస్టు మీద నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. పాలపిట్ట చాలు అందుకు. తొందర మీద మాత్రం తీసుకోను. పది నిమిషాల్లో గట్టంతా చుట్టేస్తే కాకులూ కొంగలూ దొరుకుతాయి గానీ, జమ్ముగడ్డిలో దాక్కున్న పిట్ట దొరకదు. అప్పుడు మీ లిస్టులో అది లేదంటే, అక్కడ అది లేదని అర్థం కాదు. మీరు ఆగలేదని అర్థం.

చెక్‌లిస్టు చేతిలో:
అది నిజం, ఒప్పుకుంటాను. అందుకే నేను ఒకే చోట కూర్చుని వేసే లిస్టులు ఈ మధ్య పెంచాను. మీలాంటివాళ్ళకు అదే సరిపోతుంది. ఇంకోటి, ఈబర్డ్‌లో జాతి పేరు దగ్గరే గూడు కడుతోంది, పిల్లలకు మేత తెస్తోంది అని గుర్తు పెట్టడానికి కోడ్‌లు ఉన్నాయి. పక్కన వ్యాఖ్య రాసే చోటు కూడా ఉంది. చాలామంది లిస్టు వాళ్ళం దాన్ని ఖాళీగా వదిలేస్తాం, అది మా తప్పే. మీరు ఆ ఈతచెట్టు దగ్గర చూసిందంతా అక్కడికి ఎక్కించండి. అక్కడ ఆగి చూసినవాళ్ళు మీరొక్కరే కదా.

పొన్నంగి:
ఇంతకీ ఆ ఆడపిట్టకు గూడు నచ్చిందా అన్నా?

గిజిగాడి గూడు:
నచ్చలేదు. లోపలికి దూరి, పోగులు రెండు మూడు లాగి చూసి, ఎగిరిపోయింది. నిన్న మళ్ళీ వెళ్ళాను. మగది ఆ గూడు వదిలేసి పక్క మట్టకు కొత్త పోగు ముడి వేస్తోంది. ఉదయం 6:40 నుంచి 7:35 వరకు ఒకే చోట కూర్చున్నాను. గిజిగాళ్ళు 14, అల్లుతున్న గూళ్ళు 5, వదిలేసినవి 2. జీవితంలో మొదటి చెక్‌లిస్టు ఎక్కించాను.