మూడేళ్ల బాబుకి తాళాల పిచ్చి: దాచెయ్యాలా, ఇచ్చెయ్యాలా?

పర్లాకిమిడి అమ్మ:
అందరికీ నమస్కారం. మా బాబుకి వచ్చే నెల మూడేళ్లు నిండుతాయి. వాడికి బొమ్మలు అక్కర్లేదు, కార్టూన్లు అక్కర్లేదు, తాళాలుంటే చాలు. పొద్దున్న కళ్లు తెరవగానే "చాబి" అంటాడు. మా వీధంతా ఒడియావాళ్లే కాబట్టి వాడి మాటలు సగం అటూ సగం ఇటూ ఉంటాయి. తాళాల గుత్తి పిడికిట్లో పట్టుకునే నిద్రపోతాడు. ఎవరింటికి వెళ్లినా ముందు గొళ్ళేనికి వేలాడే తాళం చూడాలి, ఆ తర్వాతే మనుషులు. బజారుకి తీసుకెళ్తే మూసి ఉన్న షట్టర్ దగ్గర చతికిలబడతాడు. గుత్తిలో ఏది బీరువాది, ఏది మేడ గదిది అని వేళ్లతో తడిమి చెప్పేస్తాడు. నాకే తికమక, వాడికి లేదు.

మొన్న పడగ్గదిలోకి దూరి లోపల గడియ పెట్టేసుకున్నాడు. తీయడం రాలేదు. లోపల వాడి ఏడుపు, బయట నా ఏడుపు. పక్కింటాయన కిటికీలోంచి పొడవాటి కర్ర దూర్చి ఎలాగో తీశారు. ఆ రోజు నుంచి అత్తయ్యగారు తాళాలన్నీ దాచేశారు. కనబడకపోతే వీడు అన్నం ముట్టడు, నేల మీద పడి దొర్లుతాడు. పైగా మా ఆడపడుచు ఎవరిదో వీడియో పంపి "ఒకే వస్తువు పట్టుకుని వేలాడితే ఆటిజం అట వదినా" అంది. అప్పట్నుంచి నాకు ఒకటే టెన్షన్. దిష్టి కూడా తీయించాం. ఇప్పుడు దాచెయ్యాలా, ఇచ్చెయ్యాలా? డాక్టరుకి చూపించాలా?

గుణుపురం నుంచి ఒక నాన్న:
మా పాపకి చీపుర్ల పిచ్చి ఉండేదండి. వాళ్లమ్మని ఇల్లు ఊడ్చనిచ్చేది కాదు. పొట్టి చీపురు ఒకటి కొనిచ్చి నీ వాటా ఈ గుమ్మం అన్నాం, గొడవ సద్దుమణిగింది. అంగన్‌వాడీకి వెళ్లడం మొదలయ్యాక చీపురు మూలపడింది. కంగారు పడకండి.

రాయగడ మామ్మ:
గుంటడు తాళాలతో ఆడుకుంటే తప్పేటమ్మా? ఫోను పట్టుకుని కూర్చునేవాళ్ల కంటే నయం కదా. మా ఇంట్లో మనవడికి కుక్కర్ విజిల్ అంటే ప్రాణం. కూత వినబడితే ఎక్కడున్నా పరిగెత్తుకొస్తాడు. పొయ్యి దగ్గరికి మాత్రం రానివ్వం, అంతే.

బరంపురంలో పిల్లల థెరపీ చేసేవారు:
అమ్మా, ముందు ఆ వీడియో సంగతి. ఒక వస్తువంటే పిచ్చి ఇష్టం ఉండటం ఒక్కటే పట్టుకుని ఎవరూ ఆటిజం అని తేల్చలేరు. అమెరికాలో జూడీ డీలోష్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధనలో దాదాపు మూడోవంతు చిన్నపిల్లల్లో ఇలాంటి గాఢమైన ఇష్టం కనబడింది, మగపిల్లల్లో మరీ ఎక్కువ. మన దగ్గరికొచ్చేవాళ్లలో ఫ్యాన్లు, చక్రాలు, చెప్పులు, నీళ్ల కుళాయిలు మామూలే.

నేను అడిగేది వేరే. తాళం చేతిలో ఉన్నప్పుడు మీరు వాడి లోకంలో ఉన్నారా? తాళం తెరుచుకోగానే మీ మొహం వైపు చూస్తాడా? "చూడమ్మా" అన్నట్టు తెచ్చి చూపిస్తాడా? దూరంగా ఎవరి గేటుకో పెద్ద తాళం కనబడితే, కావాలని అడగడానికి కాకుండా మీరూ చూడాలని వేలు పెట్టి చూపిస్తాడా? వెనకనుంచి పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా? పుల్లని తాళంచెవి అనుకుని గోడకి పెట్టి తిప్పే ఉత్తుత్తి ఆట ఉందా? ఇవన్నీ ఉంటే నేను పెద్దగా భయపడను. ఇవి లేకుండా గంటల తరబడి ఒక్కడే తిప్పుకుంటూ కూర్చుంటే, వచ్చిన మాటలు పోతుంటే, మూడేళ్లకీ రెండు మూడు మాటలు కలిపి చెప్పలేకపోతే, అప్పుడు ఆలస్యం చెయ్యకూడదు.

ఇంట్లో రెండు భాషలు ఉండటం వల్ల మాటలు ఆలస్యమవుతాయని మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అది నమ్మకండి. మాటలు లెక్కపెట్టేటప్పుడు తెలుగు, ఒడియా రెండూ కలిపి లెక్కపెట్టండి. ఫోన్లో తిరిగే 20 ప్రశ్నల ఎం-చాట్ (ఆటిజం అనుమానం ఉందా అని చూసే ప్రశ్నపత్రం) నింపేసి భయపడకండి కూడా. అది 16 నుంచి 30 నెలల పిల్లలకి, మీవాడు ఆ వయసు దాటాడు. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, పిల్లలకి ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే టీమ్ రావాలి. ఎదుగుదలలో వెనకబాటు చూడటం వాళ్ల పనిలో భాగమే. వాళ్లు జిల్లా స్థాయిలో ఇలాంటి పిల్లల్ని చూసే ప్రభుత్వ కేంద్రం డీఈఐసీకి రాసిస్తారు. ఏ చిన్న అనుమానం ఉన్నా ఒకసారి చూపించుకుంటే పోయేదేమీ లేదు.

ఇక దాచడం గురించి. అన్నీ దాచేస్తే వాడికి రోజంతా వెతకడమే పని అవుతుంది. వాడి తాళం వాడికి ఒకటి ఉండాలి, ఇంటి తాళాలు వాడికి అందకూడదు. గోడకి వాడి ఎత్తులో ఒక మేకు కొట్టండి, వాడి తాళం అక్కడే ఉంటుంది. అన్నం వేళకి లాక్కోకుండా "ఇంకో రెండుసార్లు తీసి, వేసి, మేకుకి తగిలించేద్దాం" అని ముందే చెప్పండి, తగిలించేది వాడే అవ్వాలి. మొదట్లో ఏడుస్తాడు. రోజూ అదే మాట, అదే వరస అయితే అలవాటు పడతాడు. ఒక్కటి మాత్రం వద్దు: "ముద్ద తింటే చాబి ఇస్తా" అనడం. అన్నం కూడా బేరమైపోతుంది.

మిగతా ఆటంతా ఆ ఇష్టం మీదే కట్టండి. చపాతీ పిండి మీద తాళంచెవి నొక్కి అచ్చు చూపించండి, ఏ అచ్చు దేనిదో వాడే చెప్తాడు. కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిల్ గీయించండి. అక్కణ్నుంచి డబ్బా మూతలు, సీసా బిరడాలు, జిప్పులు. మణికట్టు తిప్పే పని ఎంత చేస్తే చేతికి అంత పట్టు. రాత్రి గేటుకి తాళం వేసేటప్పుడు మీరు పట్టుకోండి, వాణ్ని తిప్పనివ్వండి.

రాయగడ హార్డ్‌వేర్ షాపు:
చెల్లెమ్మా, నేను తలుపుల సంగతి చెప్తాను, డాక్టరు సంగతి నాకు తెలీదు.

వాడికి ఇచ్చేది చిన్న సూట్‌కేస్ తాళం కాకూడదు. దాని చెవి గొంతులో పడుతుంది. సుమారు 3 సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టంలో పట్టే వస్తువేదీ మూడేళ్ల లోపు పిల్లలకి ఇవ్వకూడదు. పాత ఇనప తాళం, పెద్ద చెవి ఉన్నది చూడండి. చెవికి లావుపాటి రిబ్బన్ ముక్క కట్టండి, మెడలో వేసుకునేంత పొడుగు వద్దు. ఇత్తడిలో కొంచెం సీసం కలుస్తుంది, నోట్లో పెట్టుకునే పిల్లాడికి ఇత్తడి చెవి ఇవ్వకండి.

గదులకీ బాత్రూముకీ లోపలి బోల్టు వాడి చెయ్యి అందనంత పైకి మార్చేయండి. కింద ఉన్నది విప్పెయ్యండి, స్క్రూడ్రైవర్ ఉంటే మీరే చేసుకోవచ్చు. అంతవరకు తలుపు పై అంచు మీద మందపాటి తువ్వాలు వేస్తే పూర్తిగా మూసుకోదు. తలుపులో బిగించే చెవి తాళం అయితే చెవిని లోపలి వైపు ఎప్పుడూ వదలొద్దు. లోపల చెవి ఉంటే బయటి చెవి దూరకపోవచ్చు. బాత్రూముకి గుండ్రటి పిడి తాళం ఉంటే బయట వైపు చిన్న రంధ్రమో గాడో ఉంటుంది. మేకుతోనో రూపాయి బిళ్లతోనో దాన్ని తీయొచ్చు. చాలామందికి ఆ సంగతే తెలీదు, తలుపు పగలగొట్టి మా షాపుకొస్తారు!

అన్నిటికంటే కరెంటు. తాళంచెవి ఉన్న పిల్లాడు కన్నం ఎక్కడ దొరికినా దూరుస్తాడు. లోపల కన్నాలు మూసి ఉంచే షట్టర్ ఉన్న మూడు కన్నాల సాకెట్ అయినా పై కన్నంలో ఏదైనా దూరితే కింది రెండూ తెరుచుకుంటాయి. స్విచ్ ఆపి ఉంచండి, మూతలు పెట్టండి. బోర్డులో కరెంటు ఎక్కువ లాగితే పడిపోయే ఎమ్‌సీబీ ఉంది కదా అని ధైర్యం వద్దు, మనిషికి షాక్ కొట్టినప్పుడు కాపాడేది కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ.

పర్లాకిమిడి అమ్మ:
అందరికీ చాలా థాంక్స్. థెరపీ మేడమ్ గారూ, మీరు అడిగినవన్నీ కూర్చుని గమనించాను. తాళం "టక్" అనగానే నా వైపు తిరిగి నవ్వుతాడు. "అమ్మా, చాబి ఇటు" అని నా వేలు పట్టి తిప్పిస్తాడు. చెంచాతో గోడకి తాళం తీసి "బాబాయ్ వచ్చాడు" అంటాడు. పిలిస్తే మాత్రం ఒక్కోసారి పలకడు, ముఖ్యంగా చేతిలో తాళం ఉంటే.

అన్నయ్యా, బోల్టులు పైకి మార్పించాం. అత్తయ్యగారే పాత కొట్టుగది ఇనప తాళం కడిగి, కొబ్బరినూనె వేసి ఇచ్చారు. మేకు దగ్గర తగిలించడం ఇంకా గొడవే, తగిలించి మళ్లీ తీస్తాడు. ఇంకో సందేహం: మా ఆయన కారు రిమోట్ చెవి కూడా అడుగుతున్నాడు. బటన్లు నొక్కితే కారు కూస్తుందని వాడికి సరదా. అది ఇవ్వొచ్చా?

బరంపురంలో పిల్లల థెరపీ చేసేవారు:
ఆటలో మునిగినప్పుడు పలకకపోవడం వేరు, ఎప్పుడూ పలకకపోవడం వేరు. మీరు చెప్పినదాన్ని బట్టి నేనైతే పెద్దగా కంగారు పడను. అయినా ఆర్‌బీఎస్‌కే టీమ్ వచ్చినప్పుడు పలకని సంగతి చెప్పండి, వినికిడి కూడా చూడమనండి.

కారు రిమోట్ మాత్రం అసలు వద్దు. అందులో బిళ్లలాంటి లిథియం సెల్ ఉంటుంది, రెండు సెంటీమీటర్లది. అది గొంతు దిగువన ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగాడని అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించకండి, అన్నం పెట్టకండి, నొప్పి వచ్చేదాకా ఆగకండి. ఎక్స్‌రే, ఎండోస్కోపీ ఉన్న ఆసుపత్రికి తిన్నగా వెళ్లండి, 108కి ఫోన్ చెయ్యండి. మింగి 12 గంటలు దాటకపోతే, బాబు మామూలుగా మింగగలుగుతుంటే, దారిలో పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె ఇవ్వొచ్చు, ఆరుసార్లకి మించకూడదు. ఇది ఏడాది దాటిన పిల్లలకే. తేనె కోసం వెతుకుతూ కూర్చోవద్దు.

మీ ఇంట్లో గోడ గడియారం, తూకం మిషన్, టీవీ రిమోట్ కూడా చూసుకోండి. సెల్ ఉన్న మూతకి స్క్రూ లేకపోతే టేపు గట్టిగా చుట్టండి.

రాయగడ హార్డ్‌వేర్ షాపు:
అయిపోయిన సెల్ కూడా ప్రమాదమేనండి, చార్జి లేదని బల్ల మీద వదిలెయ్యకండి. రెండు వైపులా టేపు అంటించి, వాడికి అందని డబ్బాలో పెట్టి, పాత సెల్ తీసుకునే చోట ఇచ్చెయ్యండి. ఆ మేకు గొడవకి నా సలహా: మేకు బదులు చిన్న హుక్ బోర్డు పెట్టి పక్కన మీ గేటు తాళానికీ ఒక హుక్ ఉంచండి. మీరు తగిలిస్తే వాడూ తగిలిస్తాడేమో చూడండి. బోర్డు బిగించేటప్పుడు స్క్రూలు లెక్కపెట్టుకోండి, కింద పడితే వాడికే ముందు దొరుకుతాయి.