మూడు మీటర్ల ఎత్తులో మందు కొట్టే డ్రోన్‌కి కూడా ఏటీసీ (విమానాల రాకపోకల్ని నియంత్రించే విభాగం) అనుమతి కావాలా?

చేనుగట్టు:
గన్నవరం విమానాశ్రయం గోడకి ఆరేడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లలో వరికి డ్రోన్‌తో మందు కొడుతుంటాను. పది లీటర్ల ట్యాంకు. రిమోట్ పైలట్ సర్టిఫికెట్, యూఐఎన్ (డ్రోన్ రిజిస్ట్రేషన్) నంబరు రెండూ ఉన్నాయి. డ్రోన్లు ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మా పొలాలన్నీ పసుపు జోన్, మా దగ్గర నేల నుంచే ఏటీసీ అనుమతి కావాలి. నేను చేను మీద మూడు మీటర్లు దాటి లేపను. గట్టు మీది కొబ్బరి చెట్లే నా డ్రోన్ కంటే ఎత్తు! రైతేమో పొద్దున్నే ఫోన్ చేసి "చేనుకి దోమ పడింది, ఇవాళే కొట్టాలి" అంటాడు. ఆ ఎత్తులోకి ఏ విమానం వస్తుందండీ? 2024 వరదల్లో విజయవాడలో హెలికాప్టర్లూ డ్రోన్లూ రెండూ ఆహారం అందించాయి కదా. మొన్న మాత్రం పక్క ఊళ్లో సభకి హెలికాప్టర్ బాగా కిందుగా వచ్చేసరికి టెన్షన్ పడ్డాను. అలాంటప్పుడు ఏం చేయాలి?

పాత టవర్:
ఏటీసీలో చేసి రిటైరయ్యాను తమ్ముడూ. 2021 డ్రోన్ నిబంధనలకి ముందు ఈ పసుపు జోన్ విమానాశ్రయం నుంచి 45 కిలోమీటర్ల దాకా ఉండేది. ఇప్పుడు 12కి తగ్గింది. 8 నుంచి 12 లోపల 200 అడుగుల వరకు ఎవరినీ అడగక్కర్లేదు. నువ్వు 5–8 మధ్యలో ఉన్నావు, అక్కడ అడగాల్సిందే.

మూడు మీటర్లు అన్నావు. సిగ్నల్ పోతే నీ డ్రోన్ ఏం చేస్తుంది? రిటర్న్ టు హోమ్‌కి (బయల్దేరిన చోటికి తిరిగొచ్చే ఏర్పాటు) నువ్వు పెట్టిన ఎత్తుకి దానంతటదే లేస్తుంది. ఆ సెట్టింగ్ ఎంత పెట్టావో ముందు చూడు.

వరదలప్పుడు రెండిటినీ పంపింది ప్రభుత్వమే, ఎవరు ఎక్కడున్నారో అడగడానికి ఒక చోటంటూ ఉంది. నీ చేను మీద డ్రోన్ ఉందని ఆ హెలికాప్టర్ పైలట్‌కి ఎవరు చెప్పాలి? గంటకి 200 కిలోమీటర్ల వేగంతో వచ్చేవాడు కిలోమీటరు దూరాన్ని 18 సెకన్లలో దాటేస్తాడు. పచ్చటి చేను మీద నీ డ్రోన్ వాడి కంటికి ఆనదు. అందుకే తప్పుకోవాల్సింది ఎప్పుడూ డ్రోనే అని నిబంధనల్లోనే ఉంది.

శబ్దం వినపడగానే రిటర్న్ బటన్ నొక్కకు, అది పైకి లేస్తుంది. ఉన్నచోటే దించెయ్. మళ్లో నీళ్లున్నా సరే, మోటార్లు పోతే పోనీ.

లాస్ ఏంజిలెస్ నుంచి:
2025 జనవరిలో ఇక్కడ పాలిసేడ్స్ కార్చిచ్చుని ఆర్పుతున్న, నీళ్లు చల్లే సూపర్ స్కూపర్ విమానం రెక్కకి ఒక డ్రోన్ తగిలి చిల్లు పడింది. ఆ డ్రోన్ బరువు పావు కిలో లెక్కది. మరమ్మతు అయ్యేదాకా విమానం నేల మీదే. మీది మందుతో కలిపితే ఎంత బరువో లెక్కేసుకోండి.

చేనుగట్టు:
రిటర్న్ ఎత్తు చూశానండీ, 30 మీటర్లుంది. కొబ్బరి చెట్లు తగలకుండా నేనే పెట్టుకున్నాను. విమానాలు ప్రసారం చేసే స్థానాన్ని అందుకునే ఏడీఎస్-బీ రిసీవర్ కొనుక్కుంటే హెలికాప్టర్ ముందే తెలుస్తుందా?

పాత టవర్:
తన స్థానాన్ని ప్రసారం చేసేది అయితేనే తెలుస్తుంది. అన్నీ చేయవు. కొంటే కొను గానీ, గట్టు మీద ఆకాశం చూసే మనిషి ఒకడుండాలి. సభలుంటే ఎస్పీ స్థాయి అధికారి 96 గంటల దాకా తాత్కాలిక ఎరుపు జోన్ (డ్రోన్లు ఎగరకూడని చోటు) పెట్టొచ్చు, ఆ సంగతి డిజిటల్ స్కైలో వస్తుంది. ట్యాంకులో మందు కలపకముందే మ్యాప్ చూసుకో. కలిపాక ఆగాలంటే రైతు ఊరుకోడు.