97 మారుతి 800: సెల్ఫ్ గిర్రున తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవట్లేదు

సింగ్‌నగర్ 800:
నాన్నగారు 1997లో కొన్న బండి, కార్బొరేటర్ మోడల్. అమ్మేయమని మాత్రం చెప్పకండి, ఇంట్లో ఆ మాటెత్తితే ఆయన అన్నం మానేస్తారు.

2024 సెప్టెంబరులో బుడమేరు మా వీధిలోకొచ్చినప్పుడు స్టీరింగ్ దాకా మునిగింది. మేం మేడ మీద, అది కింద. నీళ్లు తీశాక ఆటోనగర్ లాక్కెళ్లి ట్యాంకు దింపి కడిగించాం, ఇంజిన్ ఆయిలు రెండుసార్లు మార్పించాం. ఏడాది పైన ఏ పేచీ లేకుండా తిరిగింది.

పది రోజులుగా మొదలైంది. సెల్ఫ్ కొడితే తిరుగుతూనే ఉంటుంది, అందుకోదు. విసుగొచ్చి కీ వదిలేసేటప్పుడు మాత్రం ఒక్కసారి డుగ్గుమని దగ్గి ఊరుకుంటుంది. ప్లగ్గులు మూడూ మార్చాం. స్పార్కు వేళకి పడేలా చూసే పాయింట్లు, కండెన్సర్ కొత్తవి. బ్యాటరీ కొత్తది. ఒకాయన కార్బొరేటర్ విప్పి కడిగాడు, ఇంకొకాయన బ్యాటరీ కరెంటుని స్పార్కుకి సరిపడా పెంచే కాయిల్ పోయిందన్నాడు, మూడో ఆయన ఏకంగా ఇంజిన్ దించుదామన్నాడు. నిన్న ఎదురింటి అబ్బాయి, పాలు పోసే కుర్రాడు కలిసి తోస్తే సెకండ్ గేర్లో ఠక్కున స్టార్టయింది. బెంజ్ సర్కిల్ దాకా వెళ్లొచ్చాను, ఎక్కడా మిస్సింగ్ లేదు. ఇంటికొచ్చి ఆపి కీ తిప్పితే మళ్లీ అదే వరస. ఇక ఏం మార్చాలో మీరే చెప్పండి.

కొరిటెపాడు కుర్రోడు:
అన్నా, నా అనుమానం పెట్రోలు మీద. ఇప్పుడు బంకుల్లో పోసేదాంట్లో 20 శాతం దాకా ఇథనాల్. మన బండ్ల రబ్బరు పైపులు ఆ కాలంలో దానికోసం చేసినవి కావు, గట్టిపడి పగుళ్లిస్తాయి. పైపు పగిలితే పంపు పెట్రోలు బదులు గాలి లాగుతుంది. కార్బొరేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించు. చిమ్మాలి. ముందు కాయిల్ వైరు పీకెయ్, పక్కన పెట్రోలుంటే స్పార్కుతో ఆటలొద్దు.

పటమట పాతబండి:
వరదనీళ్లు తాగిన బండి ఎప్పటికైనా ఇంతే అన్నా. వైరింగ్ మొత్తం మార్చేయ్.

సింగ్‌నగర్ 800:
కొరిటెపాడు తమ్ముడూ, చూశాను. బాగానే చిమ్ముతోంది. ప్లగ్గులు విప్పితే తడిగా ఉన్నాయి, పెట్రోలు వాసన గుప్పుమంది. పాతబండి గారూ, వైరింగ్ మొత్తం అంటే నా జేబు కూడా మునుగుతుంది.

రిటైర్డ్ మేస్త్రి:
బాబూ, జవాబు మీరు రాసినదాంట్లోనే ఉంది, దాన్ని చివర్లో పడేశారు. తోస్తే స్టార్టయింది, బెంజ్ సర్కిల్ దాకా మిస్సింగ్ లేదు అన్నారు. అంటే పెట్రోలు బాగుంది, కంప్రెషన్ బాగుంది, కాయిల్ బాగుంది, టైమింగ్ బెల్టు బాగుంది. బెల్టు తెగితే ప్లగ్గులకి స్పార్కు పంచే డిస్ట్రిబ్యూటర్లో రోటరే తిరగదు, ఊరంతా కలిసి తోసినా కదలదు. ఇంజిన్ దించుదామన్న మనిషి దగ్గరకి మళ్లీ వెళ్లకండి.

తోసేటప్పుడు కీ ఎక్కడుంటుంది? ఆన్‌లో. సెల్ఫ్ కొట్టేటప్పుడు? స్టార్ట్‌లో. కాయిల్‌కి ఈ రెండుచోట్లా కరెంటు అందాలి. మీ బండికి స్టార్ట్‌లో ఉన్నప్పుడు అందట్లేదని నా లెక్క. అందుకే కీ వదలగానే, అది ఆన్‌లోకి జారేసరికి ఇంజిన్ ఇంకా తిరుగుతూ ఉంటుంది కాబట్టి, ఒక్క దగ్గు దగ్గుతోంది. నలభై ఏళ్లలో ఈ దగ్గు చాలా బండ్లలో విన్నాను.

చూడటం తేలిక. 12 వోల్టుల బల్బుకి రెండు వైర్లు కట్టండి. ఒకటి కాయిల్ ప్లస్‌కి, రెండోది బాడీకి. కీ ఆన్ చేస్తే వెలగాలి. ఇప్పుడు ఎవరి చేతనైనా సెల్ఫ్ కొట్టించండి. కాస్త మసకబారితే సహజం. బాగా డల్లయితే బ్యాటరీ వైర్లు, ఎర్తు చూడాలి. మీటరుంటే సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ దగ్గర 9.6 వోల్టులకి తగ్గకూడదు. పూర్తిగా ఆరిపోతే దోషం కీ స్విచ్‌ది, లేదా దాని వెనక వైర్లు కలిసే కప్లర్‌ది. రూఢి చేసుకోవాలంటే బ్యాటరీ ప్లస్ నుంచి కాయిల్ ప్లస్‌కి ఒక వైరు తగిలించి సెల్ఫ్ కొట్టండి, పట్టుకుంటుంది. చూసిన వెంటనే తీసెయ్యండి. ఆ వైరుంటే కీ తీసినా ఇంజిన్ ఆగదు, పాయింట్లు మూసుకుని ఆగితే కాయిల్ కాలుతుంది.

సింగ్‌నగర్ 800:
మేస్త్రి గారూ! బల్బు ఆరిపోయింది. వైరు తగిలిస్తే సగం తిప్పుకే స్టార్టయింది, ఎదురింటి అబ్బాయి చప్పట్లు కొట్టాడు.

స్టీరింగ్ కింద కవరు విప్పి స్విచ్ బయటికి తీయించాను. లోపల ఒక కాంటాక్టు నిండా పచ్చటి చిలుము. అన్నీ కడిగించాం గానీ కీ సంగతి ఎవరికీ తట్టలేదు. తాళం అలాగే ఉంచి వెనక స్విచ్ ఒక్కటే మార్పించాను, పనితో కలిపి 450 అయింది. దానికిముందు అనవసరంగా మార్చిన సామాను లెక్క ఇక్కడ రాయను, మా ఆవిడ చదువుతుంది.

నాన్నగారు మాత్రం "కీ బిగుసుకుంటోందని నెల్లాళ్ల కిందటే చెప్పాగా" అంటున్నారు. నిజమే, చెప్పారు. కాస్త గ్రీజు రాయమన్నాన్నేను.

ఒక్క సందేహం. డిప్‌స్టిక్ తీస్తే ఆయిలు పెట్రోలు వాసనొస్తోంది. పర్లేదా?

రిటైర్డ్ మేస్త్రి:
పది రోజులు పెట్రోలు పాళ్లు పెంచే చోక్ లాగి సెల్ఫ్ కొట్టారు కదా, కాలని పెట్రోలు సిలిండర్ గోడల వెంట దిగి ఆయిల్లో కలిసింది. పల్చబడిన ఆయిలుతో బేరింగులు అరుగుతాయి. బండి ఇక తోలకముందే, ఈ వారంలోనే ఆయిలు, ఫిల్టరు మార్చండి. వెయ్యి కిలోమీటర్ల తర్వాత మళ్లీ వాసన చూడండి. అప్పటికీ వస్తుంటే పెట్రోలు పంపు లోపలి పొర, అంటే డయాఫ్రమ్, చిరిగి ఆయిల్లోకి కారుతోందేమో చూడాలి. అప్పుడు నన్నడగండి, ముందే కొనకండి.