ఉపాధి అనే మాట గురించి: అది పనా, ఒళ్ళా, పక్కన పెట్టిన పువ్వా?

పోయిన నెల సర్వే చేసే అమ్మాయి ఒకామె మా ఇంటికి వచ్చింది. చేతిలో ట్యాబ్, మెడలో కార్డు. పేరు, వయసు, ఇంట్లో ఎంతమంది అని గబగబా నొక్కుకుంటూ పోయి, "మీ ఉపాధి ఏంటి సార్?" అంది. పదహారేళ్ళు చేసిన ఉద్యోగం మార్చిలో పోయింది. అలవాటుగా "సాఫ్ట్‌వేర్" అనబోయి ఆగిపోయాను. ఆ పిల్ల తలెత్తి చూసింది. "ప్రస్తుతానికి ఏం లేదమ్మా" అన్నాను. ఏదో నొక్కి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయింది.

ఆమెను పంపించి లోపలికి వచ్చేసరికి మా అమ్మ వత్తులు చేసుకుంటూ ఫోన్లో ప్రవచనం వింటోంది. అందులో పెద్దాయన, "ఉపాధి పోతే నువ్వెక్కడికి పోతావయ్యా? నువ్వు ఉపాధివి కావు కదా" అంటున్నారు. ఆయన చెబుతున్నది శరీరం గురించి అని మా ఇద్దరికీ తెలుసు. అయినా అమ్మ చేతిలో పత్తి అలాగే పట్టుకుని నా మొహం వంక చూసింది. ఇద్దరం ఆ మాటను ఉద్యోగం గురించే విన్నాం.

అప్పటి నుంచి ఈ మాట నన్ను వదలలేదు. పేపర్లో ఉపాధి అంటే ఉద్యోగం. వేదాంతంలో ఉపాధి అంటే ఈ ఒళ్ళు, ఈ మనసు, "ఇది నేనే" అని మనం అనుకునేదంతా. ఒకే మాటకు ఈ రెండు అర్థాలు ఎలా కుదిరాయో చూద్దామని ఈ పోస్టు పెడుతున్నాను.

ముందు వ్యుత్పత్తి. ఉప, ఆ, ధా: దగ్గరగా తెచ్చి పెట్టినది. అయితే ఊరికే దగ్గర ఉంటే సరిపోదు. పక్కన నిలబడి తన గుణాన్ని ఇంకోదాని మీద చూపించేది ఉపాధి. దీనికి వేదాంతులు ఎప్పుడూ చెప్పే ఉదాహరణ స్ఫటికమూ ఎర్రటి జపాకుసుమమూ. జపాకుసుమం అంటే మన ఇళ్ళలో పూసే మందారమే. స్ఫటికం మా ఇంట్లో లేదు కాబట్టి గాజుగ్లాసు నిండా నీళ్ళు పోసి, పొద్దున్నే కోసిన మందారం దాని వెనక ఆనించి చూశాను. నీళ్ళు ఎర్రబడినట్టు కనిపించాయి. రేకుల మీది ఈనెలు కూడా గ్లాసులోనే ఉన్నట్టు పెద్దవిగా కనిపించాయి. పువ్వును పక్కకు జరిపితే నీళ్ళు నీళ్ళే. మళ్ళీ ఆనిస్తే మళ్ళీ ఎరుపు. ఎంతసేపు ఆనించినా ఒక్క చుక్క రంగు కూడా నీళ్ళలో కలవలేదు. నలభై ఏళ్ళు దాటిన మనిషిని, వంటింటి గట్టు మీద ఈ పని చేస్తూ చాలాసేపు నిలబడిపోయాను.

ఇక ఉద్యోగం అనే అర్థం. "జీవనోపాధి" అనే సమాసం నుంచి వచ్చి ఉంటుందని నా ఆలోచన. బతకడానికి ఆధారంగా దగ్గర పెట్టుకున్నది జీవనోపాధి. వాడగా వాడగా ముందున్న "జీవన" జారిపోయి ఉపాధి ఒక్కటే మిగిలింది. 2005లో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం వచ్చాక, ఏడాదికి 100 రోజుల పని అన్న లెక్కతో పాటు ఈ మాట పల్లెపల్లెకూ చేరింది. "అమ్మ ఉపాధికి పోయింది" అంటే పిల్లలకు కూడా అర్థమవుతుంది. సంస్కృతం నుంచి వచ్చిన మాట ఇంతగా జనం నోట నానడం నాకు సంతోషమే.

కానీ పక్క భాషల్లో దీని అర్థాలు చూసినప్పుడు మాత్రం ఒళ్ళు జలదరించింది. హిందీలో ఉపాధి అంటే యూనివర్సిటీ ఇచ్చే డిగ్రీ, బిరుదు. బెంగాలీలో బిరుదుతో పాటు ఇంటిపేరు కూడా. మలయాళంలో షరతు: కోర్టు షరతుల మీద బెయిలిస్తే అక్కడి పేపర్లు "ఉపాధులతో జామీను" అన్న అర్థం వచ్చేలా రాస్తాయి. మనకేమో ఉద్యోగం. డిగ్రీ, బిరుదు, ఇంటిపేరు, షరతు, ఉద్యోగం. ఎవరైనా "మీరెవరు?" అని అడిగితే మనం చెప్పేవి దాదాపు ఇవే కదా. ఒక్కో భాషా ఒక్కోదాన్ని పట్టుకుని దానికి ఉపాధి అని పేరు పెట్టింది.

సూరత్ నుంచి ఒక సభ్యురాలు:
అన్నా, గుజరాతీ మర్చిపోయినవ్. మాది సిరిసిల్ల దిక్కు నుంచి సాంచాల (మరమగ్గాల) పనికి సూరత్ వచ్చిన కుటుంబం. ఇక్కడ ఉపాధి అంటే టెన్షన్. "ఆధి, వ్యాధి, ఉపాధి" అని మూడూ కలిపి అంటరు: మనసు బాధ, ఒంటి బాధ, బయటి నుంచి మీదపడే బాధ. మా పక్కింటి పెద్దమ్మ నన్ను ఎప్పుడూ ఉపాధి చేసుకోకు అంటది. కొత్తల, పని చేసుకోవద్దంటున్నదేంది అనుకున్న.

నా జవాబు:
అక్కా, ఇది నాకు తెలియదు. మార్చి నుంచి నా పరిస్థితికి సరిపోయిన అర్థం ఇదే. తెలుగు ఉపాధి పోయింది, గుజరాతీ ఉపాధి వచ్చింది.

సంస్కృతం చెప్పే ఒక మాస్టారు:
బాబూ, వేదాంతంతో ఆపేశారు. తర్కశాస్త్రంలో ఉపాధికి ఇంకో పని ఉంది, మీ విషయానికి అదే ముఖ్యం. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే. ఆయన ఇచ్చిన ఉదాహరణ చూడండి. కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పు ఉంది, ఇది సరైన అనుమానం (తర్కంలో అనుమానం అంటే సందేహం కాదు, ఒకదాన్ని బట్టి ఇంకోదాన్ని తేల్చడం). దాన్ని తిరగేసి, నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంది అంటే తప్పు. కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలిన ఇనపముద్దలో నిప్పు ఉంది, పొగ లేదు. మరి పొగ ఎక్కడి నుంచి వస్తోంది? పచ్చికట్టెలు తగిలినందువల్ల. "ఆర్ద్రేంధన సంయోగం" అంటారు. ఇక్కడ అదే ఉపాధి. పొగ ఉన్న ప్రతిచోటా అది ఉంటుంది, నిప్పు ఉన్న ప్రతిచోటా ఉండదు. అది కంటికి ఆనకపోవడం వల్లనే మనం నిప్పుకూ పొగకూ విడదీయరాని సంబంధం కట్టేస్తాం. తప్పుడు ఆలోచనలో దాక్కుని ఉన్న ఆ మూడోదాన్ని బయటికి లాగి చూపిస్తే అనుమానం అక్కడే కూలిపోతుంది.

నా జవాబు:
మాస్టారూ, ఈ వ్యాఖ్యను పదిసార్లు చదివాను. "నిప్పు లేనిదే పొగ రాదు" అని సామెత చెప్పుకునే మనం, పొగ లేకుండా నిప్పు ఉండగలదన్న సంగతి ఆలోచించం.

నా సంగతే చెబుతాను. ఉద్యోగం పోయిన వారం రోజులకు నా బుర్రలో తిరిగిన వాక్యం ఇది: "ఉద్యోగం పోయింది కాబట్టి నేను పనికిరాని వాణ్ణి." మీరన్న తిరగేసిన అనుమానమే. ఇందులో పచ్చికట్టె ఏది? ఒకరోజు కాగితం మీద రాసుకుని వెతికాను. "ఎవరికో జీతానికి పనికొస్తేనే మనిషి పనికొచ్చినట్టు" అన్న ఒప్పందం దొరికింది. ఎప్పుడు సంతకం పెట్టానో గుర్తులేదు. ఎనభై ఏళ్ళ మా అమ్మ ఏ రోజూ జీతం తీసుకోలేదు. ఆమెను పనికిరానిది అనడానికి నాకు నోరు రాదు. కొలిమిలో ఇనపముద్దలా ఆమె నా ఎదురుగానే కూర్చుని ఉంది.

ఇక్కడ మన వ్యాకరణం గురించి ఒక మాట. "ఆయన టీచర్" అంటాం. టీచర్ అన్న మాటకు ఏదీ అంటుకోదు. అదే నా గురించైతే "నేను టీచర్ని". ఆ చివరి "ని" పాత తెలుగులో "ను": బంటును, వాడను. "నేను" తాలూకు ముక్క వెళ్ళి ఆ మాటకు అతుక్కుంటోందన్నమాట. నువ్వు అయితే "వి", మేము అయితే "ం": టీచర్‌వి, టీచర్లం. ఎదుటివాడి వృత్తి అతని పక్కన నిలబడుతుంది, నా వృత్తి మాత్రం నాతో కలిసి ఒకే మాటైపోతుంది. "పనికిరాని వాణ్ణి" అన్నప్పుడు కూడా జరిగింది అదే.

దీనికి పూర్తిగా వేరే దారి కూడా మన భాషలోనే ఉంది. నాకు భయం వేసింది. నాకు కోపం వచ్చింది. నాకు ఆకలి వేస్తోంది. ఇక్కడ భయం ఒకటి, అది ఎవరికి వేసిందో ఆ మనిషి ఇంకొకరు. భయం వచ్చిన దారినే పోగలదు. "నాకు భయం వేసింది" అన్న చోట నుంచి "నేను పిరికివాణ్ణి" అన్న చోటికి మనం ఎప్పుడు నడిచామో గమనిస్తే చాలా తెలుస్తుంది.

రమణ మహర్షి చెప్పిన విచారణ ఈ "కు" విభక్తి మీదే నడుస్తుంది. 1902లో శివప్రకాశం పిళ్ళై అనే భక్తుడు అడిగిన ప్రశ్నలకు, అప్పటికి మాట్లాడకుండా ఉన్న రమణులు రాతతో జవాబిచ్చారు. అదే తర్వాత "నేనెవడను?" అయింది. ఆలోచన ఏది వచ్చినా దాని వెంట పడొద్దు, "ఇది ఎవరికి వచ్చింది?" అని అడుగు అన్నారు. నాకు అని తోస్తుంది. మరి ఆ నేనెవడను? చూడండి, "ఎవడను" అన్న మాటకు కూడా చివర అదే "ను". ఇంజనీర్‌కూ పిరికివాడికీ అతుక్కునే ఆ ముక్కను తీసి ప్రశ్నకే తగిలించారు. అక్కడ అతుక్కోవడానికి దానికి పేరేమీ దొరకదు. తమిళంలో రాసినా, తెలుగులో చదువుతుంటే ఈ మాట నాకు ఇక్కడే పుట్టినట్టు అనిపిస్తుంది.

విజయనగరం జిల్లా నుంచి ఒక సభ్యుడు:
మీరు బాధపడకపోతే ఒక మాట అంటాను సార్. మా అత్త ఉపాధి పనికి వెళ్తుంది. ఎండ ముదరకముందే గునపం, తట్ట పట్టుకుని చెరువుకి వెళ్ళాలి. మస్టర్లో పేరు పడాలి, కొలత తగ్గితే కూలి తగ్గుతాది. ఆమె దగ్గరకెళ్ళి "అత్తా, నువ్వు ఉపాధివి కావు" అంటే ఏం చెప్పినట్టు? ఆమెకి ఉపాధంటే అన్నం. వదిలెయ్యమని చెప్పడానికి మనమెవరం?

నా జవాబు:
బాధ ఏమీ లేదు తమ్ముడూ, ఈ ప్రశ్న రావాల్సిందే. అత్తగారికి నేను ఏమీ చెప్పను. కూలి పూర్తిగా, వేళకు రావాలని మాత్రం అడుగుతాను. నేను కూడా వచ్చే వారం ఒక ఇంటర్వ్యూకి వెళ్తున్నాను. ఈఎంఐ కట్టాలి.

వదలాల్సింది ఏదన్న దానికి ఉపదేశసారంలో ఒక మాట ఉంది. ఆ పుస్తకంలోని 30 పద్యాలను రమణులు ముందు తమిళంలో రాసి, తర్వాత తెలుగు, సంస్కృతం, మలయాళాల్లోకి తామే తెచ్చారు. తమిళంలో 24, 25 పద్యాల్లో "ఉపాధి" అనే వాడారు. సంస్కృతంలోకి వచ్చేసరికి ఆ చోట "వేషం" కనిపిస్తుంది: "వేషహానతః స్వాత్మదర్శనమ్", వేషం పోతే తనను తాను చూసుకోవడం. దాని ముందు శ్లోకంలో ఉన్నది ఒట్టి వేషం కూడా కాదు, "వేషధీ". ఈశ్వరుడికీ జీవుడికీ తేడా వచ్చింది వేషబుద్ధి వల్ల అన్నారు. ఆ "ధీ" అన్న ఒక్క అక్షరం మీద నాకు చాలా ఆశ. మా ఊళ్ళో భాగవతం ఆడినప్పుడు సత్యభామ వేషం కట్టే ఆయన, ఆట మధ్యలో తెర వెనక్కొచ్చి, జడ ముందుకేసుకుని, చుట్ట కాల్చుకునేవాడు. వేషం తీసేవాడు కాదు, తీస్తే ఆట ఆగిపోతుంది. పిలుపు రాగానే చుట్ట ఆర్పేసి వెళ్ళి, మేమంతా కళ్ళు తుడుచుకునేలా ఏడ్చేవాడు. తాను సత్యభామ కాదని తెలియడం వల్ల ఆ ఏడుపుకి ఏ లోటూ రాలేదు.

గ్లాసు విషయం కూడా అంతే. పువ్వు పక్కనే ఉన్నా నీళ్ళు ఎర్రబడలేదు. పువ్వును విసిరేయాల్సిన పనిలేదు. మీ అత్తగారి గునపం ఆమె చేతిలో ఉండాలి, నా ల్యాప్‌టాప్ నా బల్ల మీద ఉండాలి.

మీ వ్యాఖ్య చదివాక ఇంకోటి తట్టింది. మనకు అచ్చమైన మాట "బతుకుతెరువు" ఉంది. తెరువు అంటే దారి. ఒక తెరువు మూసుకుపోతే ఇంకో తెరువు చూసుకుంటాం. "నేను తెరువును" అని ఎవరమూ అనుకోం. సర్వే అమ్మాయి "మీ బతుకుతెరువు ఏంటి సార్?" అని అడిగి ఉంటే, "వెతుకుతున్నానమ్మా" అని తడబడకుండా చెప్పేవాణ్ణేమో.

సూరత్ సభ్యురాలు మళ్ళీ:
అన్నా, మా నాయనమ్మ చనిపోయేముందు "ఈ ఉపాధి ఇగ చాలు బిడ్డా" అన్నది. సాంచాల పని గురించి అనుకుని మేం "పని ఎప్పుడో మానేసినవ్ గదా" అన్నం. ఆమె నవ్వింది. ఇప్పుడు ఈ పోస్టు చదివినంక సమజైంది.

నా జవాబు:
అక్కా, ఈ వాక్యం దాచుకోవాల్సింది. ఉపాధిని శరీరం అనే అర్థంలో మాట్లాడే మాటలోనే వాడిన పెద్దవాళ్ళు మీ ఇళ్ళలో ఇంకా ఉంటే, వాళ్ళు అన్న వాక్యం ఉన్నదున్నట్టు, ఊరి పేరుతో సహా ఇక్కడ రాయండి. మాస్టారూ, జీవనోపాధి అన్న సమాసం పాత కావ్యాల్లో గానీ, శాసనాల్లో గానీ మీ కంటపడిందా? "జీవన" ఎప్పుడు జారిపోయిందో పట్టుకోవాలని ఉంది.