అప్‌డేట్: బాబుకి ఇంట్లోనే నేర్పించడం, ఆరు నెలల తర్వాత

నాలుగేళ్ల మా బాబుకి మాటలు ఆలస్యమని, ప్లేస్కూల్లో ఇమడలేకపోతున్నాడని, ఇంట్లోనే నేర్పించవచ్చా అని ఆరు నెలల క్రితం ఇక్కడ అడిగాను. ముందు అసెస్‌మెంట్ (ఎదుగుదల ఎలా ఉందో నిపుణులు చూసే పరీక్ష) చేయించమన్నారు మీలో చాలామంది. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని ఎన్‌ఐఈపీఐడీకి (మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) తీసుకెళ్లాం. 2021లో అక్కడ మొదలైన ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌లో (ఎదుగుదలలో ఇబ్బందులున్న పిల్లలకి చిన్నప్పుడే సాయం చేసే కేంద్రం) థెరపీలన్నీ ఒకేచోట ఉన్నాయి.

అక్షరాలు పక్కన పెట్టేశాను. ఇప్పుడు మా బడి వంటింట్లోనే. చపాతీ పిండి పిసకడం, రాజ్మా గింజలు సీసాలో వేయడం. మొదట్లో గుప్పెడు తీసి నేలపాలు చేసేవాడు. ఇప్పుడు బొటనవేలు, చూపుడువేలు కలిపి ఒక్కో గింజా తీస్తున్నాడు, నాలుక కాస్త బయటపెట్టి మరీ! (నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు, పక్కనే కూర్చోండి.) పది నిమిషాలు దాటనివ్వను, విసుగొస్తే ఆపేస్తాను.

అడగకముందే అన్నీ అందించేయడం నా తప్పని థెరపీలో తెలిసింది. మొన్న నీళ్ల గ్లాసు చేతిలో పట్టుకుని ఊరికే ఆగాను. నా ముఖంలోకి చూసి "నీయు" అన్నాడు. మా అత్తయ్యగారు కళ్లు తుడుచుకున్నారు.

తోటిపిల్లలు లేని లోటు మాత్రం అలాగే ఉంది. అందుకే వారానికి మూడు రోజులు అంగన్‌వాడీలో ఒక గంట కూర్చోబెడుతున్నాను. టీచరమ్మ ఓపిగ్గా చూస్తున్నారు.