ఫోర్ట్ విక్టోరియా ఎక్కడుంది? మ్యాప్‌లో దొరకట్లేదు (జింబాబ్వే ట్రిప్, అర్జెంట్)

శ్రీను76:
అందరికీ నమస్తే. రాత్రి తొమ్మిదింటికి కూర్చున్నా, ఒంటిగంట దాటింది, ఇంకా తేలలేదు. డిసెంబరులో ఐదు రోజులు సెలవు దొరికింది, పిల్లలతో జింబాబ్వే వెళ్దామని ప్లాన్. ఆఫీసులో ఒక పెద్దాయన పాత గైడు పుస్తకం ఇచ్చాడు. గ్రేట్ జింబాబ్వే (పాతకాలపు రాతి నగరం) శిథిలాలు ఫోర్ట్ విక్టోరియాకి 17 మైళ్ళు అని అందులో ఉంది. సరే, పేరులో విక్టోరియా ఉంది కదా, విక్టోరియా జలపాతం, శిథిలాలు పక్కపక్కనే అనుకుని ఒకే చోట మూడు రాత్రులు రూము చూస్తున్నా. తీరా మ్యాప్‌లో విక్టోరియా ఫాల్స్ నుంచి శిథిలాలకి 700 కి.మీ. పైనే చూపిస్తోంది! పుస్తకంలో ఉన్న గ్వెలో, వాంకీ అనే ఊళ్ళ పేర్లు కొడితే ఏమీ రావట్లేదు. పుస్తకం తప్పా, మ్యాప్ తప్పా? ఏ రూటు బెస్టో కూడా చెప్పండి. రేపే బుక్ చేయాలి.

రవి_ఆల్‌రౌండర్:
రెండూ కరెక్టే. ఫోర్ట్ విక్టోరియా = మస్వింగో. ఫాల్స్ ఊరు వేరు, దేశానికి ఆ చివర.

మేష్టారు:
బాబూ, మీ పుస్తకం రొడీషియా (జింబాబ్వేకి తెల్లవాళ్ళ పాలనలో ఉన్న పేరు) కాలం నాటిది. 1980లో స్వాతంత్ర్యం వచ్చాక పేర్లు సరిచేశారు. గ్వెలో ఇప్పుడు గ్వేరు, వాంకీ హ్వాంగే, ఉమ్‌తాలి ముటారే, సినోయా చిన్‌హోయి. వీటిని చాలామంది "పేరు మార్పు" అంటారు, నాకు ఒళ్ళు మండుతుంది. తెల్లవాళ్ళ నోరు తిరగక పాడుచేసిన పలుకును దిద్దుకోవడం అది. మన మచిలీపట్నాన్ని మసూలిపటం, కాకినాడను కోకనాడ అని రాసుకోలేదూ? అసలైన మార్పు అంటే సాలిస్‌బరీ హరారే కావడం (1982). అది బ్రిటిష్ ప్రధానమంత్రి పేరు, దానికీ ఆ నేలకీ సంబంధమే లేదు. విచిత్రం ఏమిటంటే ఇన్ని దిద్దినా విక్టోరియా ఫాల్స్ ఊరు మాత్రం రాణిగారి పేరుతోనే ఉండిపోయింది. అక్కడివాళ్ళు జలపాతాన్ని మోసి-ఓవా-తున్యా అంటారు, ఉరిమే పొగ అని.

పద్మజ_హరారే:
శ్రీను గారూ, నేను హరారేలో ఆరేళ్ళు ఉన్నాను. హరారే నుంచి మస్వింగో సుమారు 290 కి.మీ., అక్కడి నుంచి బులవాయో 280, బులవాయో నుంచి ఫాల్స్ ఇంకో 440. ఐదు రోజుల్లో అన్నీ అంటే కారులోనే కాపురం. చీకటి పడ్డాక మాత్రం బండి నడపకండి. రోడ్డు మీద పశువులుంటాయి, లైట్లు లేని లారీలు ఎదురొస్తాయి. ఒకటి, అయిదు అమెరికా డాలర్ల నోట్లు ఎక్కువ తెచ్చుకోండి, చిల్లర ఎక్కడా ఉండదు. డిసెంబరులో జలపాతంలో నీళ్ళు తక్కువ, నిండుగా చూడాలంటే ఏప్రిల్. అయినా జింబాబ్వే వైపు పూర్తిగా ఎండిపోదులెండి.

గ్రేట్ జింబాబ్వే మాత్రం చూసి తీరాలి. పెద్ద ప్రాకారంలో రెండు గోడల మధ్య సందు ఉంటుంది, ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. రెండు చేతులూ చాపితే అటూ ఇటూ రాయి తగులుతుంది. పైన సన్నటి ఆకాశం గీత. అలా వంకర తిరుగుతూ వెళ్తే ఉన్నట్టుండి శంఖాకారపు బురుజు ముందు తేలతాం. దానికి తలుపు లేదు, లోపల గది లేదు, అంతా రాయే. మా బాబు దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు దారి దొరుకుతుందేమోనని.

రాళ్ళ_బాబాయ్:
ముందు "శిథిలాలు" అనడం ఆపండి. 11 మీటర్ల ఎత్తు దాకా గోడ ఇంకా నిలబడే ఉంది, చుట్టుకొలత 250 మీటర్లు. సున్నం లేదు, మట్టి లేదు, వట్టి రాయి మీద రాయి. మా అనంతపురంలో చేను గట్టుకి రాళ్ళు పేర్చేవాళ్ళని చిన్నప్పటి నుంచీ చూశాను. మనిషెత్తు పేర్చడానికే చేయి తిరిగి ఉండాలి. ఇక ఆ పాత గైడులో ఫినీషియన్లు (మధ్యధరా తీరపు ప్రాచీన వర్తకులు) కట్టారనో, బైబిల్లో వచ్చే షేబా రాణి కోట అనో రాసి ఉంటే నమ్మొద్దు. ఆఫ్రికావాళ్ళే కట్టారని 1905లో మెకైవర్ అనే పురావస్తు శాస్త్రవేత్త, 1929లో కేటన్-థామ్సన్ అనే ఆవిడ తవ్వి మరీ చెప్పారు. తెల్ల ప్రభుత్వానికి ఆ మాట రుచించలేదు.

మేష్టారు:
బాబాయ్, నిలబడి ఉన్నా మనుషులు వదిలేసి వెళ్తే శిథిలమే. హంపీని ఏమంటారు?

రాళ్ళ_బాబాయ్:
హంపీని హంపీ అంటాం.

శ్రీను76:
అయ్యా, నా రూటు సంగతి... హరారే నుంచి కాదండీ, నేను గాబొరోన్‌లో ఉంటాను. కారులోనే వస్తాం. చెప్పానేమో అనుకున్నా.

పద్మజ_హరారే:
దేవుడా. బోట్స్‌వానా అని ముందు చెప్పరా? నేను రాసిన కిలోమీటర్లలో సగం వృథా. మీరు ఫ్రాన్సిస్‌టౌన్ మీదుగా ప్లమ్‌ట్రీ బోర్డర్ దాటి బులవాయో రండి, మొత్తం 630 దాకా ఉంటుంది. తెల్లవారుజామునే బయల్దేరండి, బోర్డర్‌లో ఎంతసేపవుతుందో చెప్పలేం. మస్వింగో వదిలేయండి, నాకూ మనసొప్పట్లేదు కానీ. బులవాయోకి 22 కి.మీ. లోనే ఖామి ఉంది, గ్రేట్ జింబాబ్వే తగ్గుముఖం పట్టాక వెలిగిన రాజధాని. అదీ రాతి పేర్పే. గోడల మీద చదరంగం గళ్ళలా రాళ్ళు తీర్చారు. 1986లో రెండూ ఒకేసారి ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. మర్నాడు మటోపోస్ కొండలు. ఫాల్స్ కూడా కావాలంటే ఇంకో రెండు రోజులు సెలవు అడగండి.

మేష్టారు:
మటోపోస్ కాదమ్మా, మటోబో.

పద్మజ_హరారే:
మా ఇంటి ఓనరు న్డెబెలే (ఆ ప్రాంతపు స్థానిక జాతి) ఆయనే, ఆయన కూడా మటోపోస్ అనేవాడు మేష్టారూ.

రాళ్ళ_బాబాయ్:
అక్కడ సిసిల్ రోడ్స్ సమాధి ఉంది, రొడీషియాకి ఆ పేరు ఈయన పేరు మీదే వచ్చింది. దానికంటే న్స్వాటుగి గుహలో శాన్ జాతివాళ్ళు (అక్కడి పాతకాలపు వేటగాళ్ళు) గీసిన బొమ్మలు చూడండి. జిరాఫీ నడక చూస్తే తెలుస్తుంది, గీసినవాడు ఎన్నాళ్ళు దాని వెనక తిరిగాడో.

రవి_ఆల్‌రౌండర్:
కారు నీ పేరు మీదుందా?

శ్రీను76:
లోన్‌లో ఉంది అన్నా. ఎందుకు?

రవి_ఆల్‌రౌండర్:
బ్యాంకు లెటర్ కావాలి, దేశం దాటించడానికి. లేకపోతే బోర్డర్ నుంచే వెనక్కి.

మేష్టారు:
ఖామి అని దీర్ఘం లేకుండా రాస్తున్నారు, ఖామీ అనాలనుకుంటా. ఎవరైనా అక్కడి పలుకుబడి విన్నారా?

శ్రీను76:
లెటర్‌కి వారం పడుతుందట. బులవాయోలో రూము బుక్ చేశా, ఫాల్స్ ఈసారికి లేదు, పిల్లలు అలిగారు. థాంక్స్ అందరికీ.

మేష్టారు:
శ్రీను గారూ, ఆ గైడులో చివర ఊళ్ళ పట్టిక ఉంటే ఫొటో తీసి పెట్టగలరా?